ఆపకుండా అతికే చెయ్యి

మా గోడ పక్క ఇంట్లో ఉండే ఆవిడను వీధి వీధంతా పోగులక్క అనే పిలుస్తుంది. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఒక్కొక్కరే దేవుడి దగ్గరికి వెళ్ళిపోయారు, పేరూ వాళ్ళతోనే పోయింది. మిగిలింది ఈ పిలుపే. ఇది మిల్లు పెట్టిన పేరు.

నూలు మిల్లులో ఆవిడది కదుళ్ళ దగ్గర పని. దూది లావుపాటి తాడులా పైనుంచి దిగుతుంది. రోలర్ల మధ్య సన్నబడి, కింద గిర్రున తిరిగే కదురు మీద నూలై చుట్టుకుంటుంది. ఒక్కో ఫ్రేముకు, అంటే ఒక్కో నూలు మిషనుకు, వందల కదుళ్ళు. వాటిలో ఎక్కడో ఒకచోట పోగు తెగుతూనే ఉంటుంది. తెగిన కొసను పట్టుకుని, పైనుంచి దిగుతున్న దూదికి అతకాలి. అతకడమంటే ముడి వేయడం కాదు. బొటనవేలూ చూపుడువేలూ ఒక్కసారి నలిపితే రెండూ ఒకటైపోవాలి. ఇదంతా ఫ్రేము నడుస్తూ ఉండగానే జరగాలి. ఒక్క పోగు కోసం ఫ్రేము ఆపితే మిగతా కదుళ్ళన్నీ ఆగిపోతాయి. ఆపినవాళ్ళకు ఆ షిఫ్టంతా తల ఎత్తుకునే వీలుండదు.

పనిలో చేరిన కొత్తలో ఒకరోజు పోగులక్క భయపడి ఫ్రేము ఆపేసిందట. షెడ్డు మేస్త్రీ పరుగున వచ్చాడు.

"ఏమ్మా, ఇంట్లో ఎలుక దూరితే ఇంటికి నిప్పు పెట్టేస్తావా?"

"చెయ్యి పోతుందేమోనని..."

"చెయ్యి భయపడితేనే పోతుంది. భయపడని చేతిని మిషను కూడా ఏమీ అనదు. ఇలా రా."

పక్కనే నిలబడి నేర్పాడు. కళ్ళతో వెతకొద్దు, వేళ్ళతో చూడు అన్నాడు. నెల తిరిగేసరికి ఆవిడ చెయ్యి పోగు తెగిన చోటికి తనంతట తానే వెళ్ళడం నేర్చుకుంది. ఏడాది తిరిగేసరికి మేస్త్రీకీ ఆవిడకీ పెళ్ళయింది. "మా పెళ్ళికి పెద్దమనిషి ఎవరనుకున్నావు? ఆ తెగిన పోగే" అని ఆవిడ మాతో అని నవ్వేది. మిల్లువాళ్ళందరిలాగే గట్టిగా నవ్వేది, గట్టిగానే మాట్లాడేది. షెడ్డులో ఆ చప్పుడుకి చెవులు అలవాటుపడ్డాయి కాబట్టి, ఇంట్లో ఉప్పు అందుకోమని అడిగినా మా ఇంటిదాకా వినబడేది. పిల్లలు పుట్టలేదు. దేవుడు ఇవ్వలేదని ఆవిడ ఎన్నడూ అనగా వినలేదు. "ఇంతమంది పిల్లలున్న వీధిలో ఇల్లిచ్చాడుగా" అనేది.

మిల్లు మూతపడిన సంగతి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. ఒక పొద్దున వెళ్ళేసరికి గేటుకి తాళం ఉంది, తాళం పక్కన కాగితం ఉంది. మా వీధిలో సగం ఇళ్ళ కూడు ఆ కాగితం కింద పడి నలిగిపోయింది. దాంతోపాటు మిల్లు ఆస్పత్రీ మూతపడింది. చిన్న ఆస్పత్రే, రెండు గదులు, ఒక కాంపౌండరు. అయినా మేస్త్రీకి దగ్గు ఎక్కువైనప్పుడు వెళ్ళి కూర్చోడానికి ఒక బల్ల ఉండేది, మందు ఇచ్చే మనిషి ఉండేవాడు. జీవితమంతా దూది ధూళిలో తిరిగినవాడు కదా. మిల్లు మూసేశారు గానీ ఆయన గుండెల్లోంచి దూది దిగలేదు.

ఆ తర్వాత కొన్నేళ్ళు పోగులక్క దొరికిన పనల్లా చేసింది. కొన్నాళ్ళు బొత్తాలు కుట్టింది, కొన్నాళ్ళు లాడ్జీలో దుప్పట్లు ఉతికింది. మేస్త్రీ ఇంట్లో వంట చేసేవాడు. సాయంత్రం పూట వీధి మొదట్లో టీ కొట్టు దాకా నడిచి, అక్కడ ఊపిరి తీసుకోవడానికి కూర్చునేవాడు. టీ కొట్టాయన ఆయన కోసమని ఒక వెన్ను ఉన్న కుర్చీ విడిగా ఉంచేవాడు. దాంట్లో ఇంకెవరు కూర్చున్నా లేపేసేవాడు. కుర్చీ ఇచ్చినందుకు రుసుముగా మాత్రం ఒక మాట విసిరేవాడు.

"ఏం మేస్త్రీ, ఇవాళ వంట ఏ షిఫ్టు?"

"జనరల్ షిఫ్టేరా. నీ టీలాగా ఓవర్‌టైము మరగబెట్టడం మా ఇంట్లో లేదు."

ఇలా ఉండగా మిల్లు పడగొట్టారు. ఆ నేల మీదే ఈ చివర నుంచి ఆ చివర దాకా రేకుల గోడౌను లేచింది. జనం ఫోనుల్లో కొనుక్కునే సామాన్లు అక్కడికి వచ్చి, అక్కడి నుంచి ఇళ్ళకు పోతాయట. గేటు దగ్గర పెద్ద బోర్డు పెట్టారు. ఐదు వందల కొత్త ఉద్యోగాలు అని రాశారు. ఆ బోర్డు చూసి మా వీధిలో ఆడవాళ్ళు నిలబడిన చోటే కళ్ళు మూసుకుని దేవుడికి దణ్ణం పెట్టుకోవడం నేను చూశాను. నేనూ పెట్టుకున్నాను.

పేర్లు తీసుకునే రోజున మిల్లువాళ్ళంతా తెల్లచొక్కాలు ఇస్త్రీ చేయించుకుని వరసలో నిలబడ్డారు. చాలామందిని వయసు అడిగి పంపేశారు. మేస్త్రీకి ఒక పెట్టె ఇచ్చి ఆ చివరిదాకా మోసుకెళ్ళి రమ్మన్నారు. వెళ్ళాడు గానీ వచ్చేటప్పుడు సగం దారిలో గోడ పట్టుకుని ఆగిపోయాడు. "కబురు పెడతాం పెద్దాయనా" అన్నారు. మర్యాదగానే అన్నారు. ఇంటికొచ్చాక ఎవరడిగినా "కబురు బయల్దేరింది, దారిలో ఉంది" అనేవాడు.

పోగులక్కను మాత్రం తీసుకున్నారు. బెల్టు విభాగానికి సూపర్వైజరుగా చేరిన అమ్మాయి ఒకప్పుడు మిల్లు గేటు దగ్గర కాపలా ఉన్న తాత మనవరాలే. మా వీధిలోనే పెరిగింది. చదువుకుని, ఉద్యోగం తెచ్చుకుని, పాతవాళ్ళను మరిచిపోని పిల్ల. పోగులక్క పేరు తనే చెప్పి ఒప్పించింది.

"పెద్దమ్మా, ఆర్నెల్లు ట్రయలు ఉంటుంది. అది దాటితే పర్మనెంటు. ఇంట్లోవాళ్ళకు కూడా ఆస్పత్రి కార్డు ఇస్తారు. ఊపిరితిత్తుల పెద్దాస్పత్రిలో ఆ కార్డు చెల్లుతుంది."

పోగులక్క విన్నది ఆ చివరి మాట ఒక్కటే. మిగతావి ఆ అమ్మాయి మరోసారి చెప్పాల్సి వచ్చింది.

"లోపల నిన్ను మేడం అనాలా నేను?"

"అనాలి పెద్దమ్మా. అందరూ అంటారు."

"చిన్నప్పుడు నీ ముక్కు తుడిచిన చేత్తో ఇప్పుడు నీకు సలాం కొట్టాలన్నమాట. సరే కానీ మేడం, కార్డు మీద ఆయన పేరు తప్పు లేకుండా రాయించు."

పని కష్టమైంది కాదు. పొడవాటి రబ్బరు బెల్టు మీద పొట్లాలు వరసగా వస్తుంటాయి. మీద అంటించిన చీటీ చూసి, ఏ ఊరివి ఆ ఊరి కంతలోకి తోసెయ్యాలి. మొదటి రోజున అక్కడి భద్రతాధికారి కొత్తవాళ్ళందరినీ నిలబెట్టి ఒకే ఒక్క సూత్రం చెప్పాడు. బెల్టు పక్కనే పొడుగునా ఒక ఎర్ర తాడు కట్టి ఉంది. ఏది ఇరుక్కున్నా, ఏది చుట్టుకున్నా చెయ్యి పెట్టొద్దు, తాడు లాగండి. బెల్టు ఆగుతుంది. ఆగాక మేం వచ్చి తీస్తాం. బెల్టు ఆపినందుకు ఇక్కడ ఎవరూ ఎవర్నీ తిట్టరు.

అందరితోపాటు పోగులక్క తల ఊపింది. ఊపింది తల మాత్రమే. చేతిని ఎవరూ అడగలేదు.

మొదటి నెల జీతంతో ఆవిడ మేస్త్రీకి ఒక మెత్తటి దిండు కొంది. మాకు కాస్త తీపి పంచింది. గోడౌను వచ్చాక మా వీధిలో చాలా పొయ్యిలు వెలిగాయి, కాదంటే కళ్ళు పోతాయి. పాడుబడిన ఇంటి ముందు కొత్త సైకిలు కనిపిస్తే ఎవరికి సంతోషం కాదు? కానీ కొన్నాళ్ళకు నాకు ఒక సంగతి తెలిసొచ్చింది. వెలిగిన పొయ్యిలన్నీ ఆరిన పొయ్యిలే కావు. ఆరినవాటిలో చాలా మటుకు ఆరిపోయే ఉన్నాయి.

ఒక రోజు మధ్యాహ్నం బెల్టు చివర ఒక పొట్లానికి కట్టిన ప్లాస్టిక్ పట్టీ ఊడి, రోలరు మీదికి పాకడం మొదలుపెట్టింది. పట్టీ కొస ఎగురుతూ తిరుగుతోంది. పోగులక్క చెయ్యి వెళ్ళి, కొస పట్టుకుని, లాగి బయట పడేసింది. రెప్పపాటు కూడా పట్టలేదు. బెల్టు నడుస్తూనే ఉంది. ఆవిడ తర్వాతి పొట్లం చీటీ చూస్తోంది. అప్పుడు సూపర్వైజరు అమ్మాయి వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. ఆ పిల్ల మొహంలో రక్తం లేదు.

"పెద్దమ్మా, చెయ్యి ఎందుకు పెట్టావు?"

"నేను పెట్టలేదే. అది వెళ్ళింది."

"తాడు అక్కడే ఉంది కదా."

"ఒక్క పట్టీ ముక్క కోసం ఇంత బెల్టునీ ఆపమంటావా? ఇంతమందీ చేతులు ముడుచుకుని నావంక చూస్తారే."

"చూడనీ. చూస్తే ఏం పోతుంది?"

 ఏం పోతుందో పోగులక్కకు తెలుసు. అది ఈ కాలం పిల్లకు చెప్పడం ఎలాగో తెలియలేదు.

ఆ అమ్మాయి చూడనట్టు ఊరుకునేదే గానీ పైన కెమెరా చూసింది. భద్రతాధికారి పిలిచి, ఇది మొదటిసారి కనుక హెచ్చరిక, మళ్ళీ జరిగితే ట్రయలు అక్కడితో సరి అని చెప్పాడు. ఆయన గొంతు పెంచలేదు.

ఆ సంగతి ఇంట్లో దాచిపెట్టాలనే అనుకుంది పోగులక్క. కానీ మర్నాడు పెరట్లో బట్టలారేసే తాడు పట్టుకుని, ఉన్నట్టుండి గుంజడం, వదలడం, మళ్ళీ గుంజడం మేస్త్రీ కంట పడింది.

"ఏం చేస్తున్నావే? తాడుతో తగాదా ఏంటి?"

చెప్పక తప్పలేదు. ఆయన అంతా విన్నాడు.  తర్వాత లేచి, వంటింటి గుమ్మానికి ఆ తాడు తెచ్చి అడ్డంగా కట్టాడు.

"నేర్పినవాడినే నేను. మరిపించడం కూడా నా చేతిలో పనే. నిలబడు."

ఆ రోజు నుంచి వాళ్ళింట్లో కొత్త చదువు మొదలైంది. ఆవిడ అన్నం వారుస్తుంటే ఆయన వెనక నుంచి గరిటె కింద పడేసేవాడు. వంగి అందుకుందంటే తప్పు. తాడు లాగాలి. నీళ్ళ చెంబు దొర్లించేవాడు. తాడు లాగాలి. ఒకసారి పొయ్యి మీద పాలు పొంగుతుంటే ఆవిడ తాడు లాగి నిలబడిపోయింది. పాలన్నీ పొయ్యిలో పోయాయి.

"పాలకు కూడానా?" అన్నాడాయన.

"మీరే కదండీ ఏదైనా అన్నారు. మేస్త్రీ మాటకు ఎదురు చెప్పే అలవాటు నాకు లేదు."

గోడకు ఇవతల మేం నవ్వుకున్నాం. వాళ్ళూ నవ్వారు. నవ్వు చివర ఆయనకు దగ్గు వచ్చింది. అది ఆగేదాకా ఆవిడ వీపు నిమురుతూ ఉండిపోయింది.

గోడౌనులో పక్కన నిలబడే పిల్ల ఒకతి ఉండేది. పెళ్ళి కావలసిన పిల్ల, పొద్దస్తమానం ఏదో కూనిరాగం తీస్తూ పనిచేసేది. ఆ పిల్లకు ఈ సంగతి తెలిసి "ఆంటీ, ఏదైనా చుట్టుకుంటే నువ్వు రెండు చేతులూ జేబులో పెట్టేసుకో, తాడు నేను లాగుతా" అంది. తన కంతతోపాటు ఆవిడ కంత మీద కూడా ఒక కన్ను వేసి ఉంచేది. లోకంలో మంచితనం ఇలాంటి చోట్లనే ఉంటుంది. ఎవరూ చెప్పకుండా, ఎవరికీ చెప్పకుండా ఒకరి పని మీద ఇంకొకరు వేసి ఉంచే ఆ కన్నులో.

నెలలు గడిచాయి. రెండుసార్లు ఏదో ఇరుక్కుంటే పోగులక్క నిజంగానే తాడు లాగింది. బెల్టు ఆగింది. జనమంతా తనవంక చూశారు, ఆవిడ తల దించుకుంది. భద్రతాధికారి దూరం నుంచి బొటనవేలు ఎత్తి చూపించాడు. మెచ్చుకున్నాడని పక్కపిల్ల చెప్తే గానీ ఆవిడకు అర్థం కాలేదు.

ఇంటి దగ్గర మేస్త్రీకి టీ కొట్టుదాకా నడక కష్టమవుతోంది. దారిలో మా అరుగు మీద ఒకసారి, ఆ పై ఇంటి మెట్ల మీద ఒకసారి కూర్చుని వెళ్ళేవాడు. "కార్డు వచ్చేస్తుంది. పెద్దాస్పత్రికి వెళ్దాం" అని ఆవిడ అనేది. ఆయన సరే అనేవాడు.

ట్రయలు ఇంకో వారంలో ముగుస్తుందనగా జరిగింది. ఆ రోజు సరుకు ఎక్కువ. ఒక గోనె కట్ట మూతికి కుట్టిన దారం తెగింది. ప్లాస్టిక్ కాదు, తోలు కాదు, దారం. తెల్లటి నూలుదారం రోలరు దగ్గర కొస ఆడిస్తూ ఎగిరింది. దాన్ని చూశాక ఆవిడ గోడౌనులో లేదు. వంటింటి గుమ్మం, ఎర్రతాడు, మేస్త్రీ పడేసిన గరిటెలు, ఏవీ లేవు. చెయ్యి వెళ్ళింది. అయితే మిల్లులో వట్టి చేతులు. ఇక్కడ చేతికి తొడుగు ఉంది. తొడుగు కొసను రోలరు పట్టుకుంది.

పక్కపిల్ల తాడు లాగింది. అందుకే చెయ్యి మిగిలింది. రెండు వేళ్ళ గోళ్ళు పోయాయి, తోలు లేచింది. ఎముకకు ఏమీ కాలేదు. తొడుగు విప్పి చూస్తే, నలిగిన ఆ రెండు వేళ్ళ మధ్య దారం కొస ఉంది. రక్తం కారుతున్నా ఆవిడ దాన్ని వదల్లేదట.

భద్రతాధికారి తనే కింద కూర్చుని కట్టు కట్టాడు. తన సీసాలో నీళ్ళు తాగించాడు. తర్వాత చెప్పవలసింది చెప్పాడు.

"అమ్మా, మా అమ్మకు మీ వయసే ఉంటుంది. రేపు ఇదే చెయ్యి మోచేతి దాకా పోతే నేను మీ ఇంట్లోవాళ్ళకు ఏం జవాబు చెప్పాలి? మిమ్మల్ని బెల్టు దగ్గర ఉంచలేను. బెల్టు లేని పని ఇప్పుడు ఇక్కడ లేదు."

"ఒక్క వారం ఆగండి బాబూ. కార్డు వచ్చేదాకా. అంతదాకా చేతులు కట్టేసుకుని పని చేస్తాను."

ఆయన తల అడ్డంగా ఊపాడు. ఊపేటప్పుడు ఆవిడవైపు చూడలేకపోయాడని సూపర్వైజరు అమ్మాయి తర్వాత నాతో అంది.

"మీ చెయ్యి దక్కింది, అది చాలు" అన్నాడు.

"చెయ్యి దక్కింది. చేతికి పనే దక్కలేదు" అంది పోగులక్క. కోపంగా కాదు, ఉన్నమాట అన్నట్టు అంది.

ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడింది. మేస్త్రీ కట్టు చూశాడు, మొహం చూశాడు. కథంతా ఆవిడ చెప్పింది. దారం సంగతి కూడా చెప్పింది. చివరిదాకా విని ఆయన అడిగింది ఒక్కటే.

"కొస దొరికిందా?"

"దొరికింది."

"అయితే సరేలే" అని నవ్వాడు. ఆ నవ్వు దగ్గులోకి జారింది. దగ్గు తగ్గాక కళ్ళు తుడుచుకుంటూ "పాడు విద్య నేర్పానే నీకు" అన్నాడు.

"ఊరుకోండి. ఇన్నేళ్ళు అన్నం పెట్టింది ఆ విద్యే."

"అన్నం పెట్టింది. ఇప్పుడు పెట్టే అన్నం లాక్కుంది. నేనే మంచి మేస్త్రీని కాకపోయుంటే బావుండేది."

ఆ రాత్రి వాళ్ళింట్లోంచి గట్టి మాటలేవీ వినబడలేదు. మిల్లు మనుషుల ఇంట్లో నిశ్శబ్దం ఉంటే పక్కింటివాళ్ళకు నిద్ర పట్టదు.

మూడో రోజుకల్లా ఆ చోటులో టీ కొట్టాయన తమ్ముడి కూతురు చేరింది. అది పోగులక్క చోటే అని చేరాక గానీ వాళ్ళకు తెలియలేదు. టీ కొట్టాయన గ్లాసు పట్టుకుని ఇంటికి వచ్చి, గుమ్మం బయటే నిలబడ్డాడు.

"అక్కా, మాకు తెలీదు. తెలిస్తే..."

"తెలిస్తే ఏం చేసేవాడివి? పిల్లని ఇంట్లో కూర్చోబెట్టేవాడివా? చోటు నాది కాదు తమ్ముడూ, బెల్టుది. నువ్వు లోపలికి రా, టీ చల్లారిపోతోంది. ఆ పిల్లని నా దగ్గరికి ఒకసారి పంపు. తాడు ఎక్కడ పట్టుకుంటే తొందరగా అందుతుందో చెప్తాను."

గేటు దగ్గర బోర్డు మీద అంకె అలాగే ఉంది. ఒక మనిషి వెళ్ళి ఒక మనిషి వస్తే అంకె ఎందుకు మారుతుంది? రాసినవాళ్ళు అబద్ధం రాయలేదు. ఐదు వందలమందీ లోపల ఉన్నారు. ఆవిడ బయట ఉంది, అంతే.

 వేళ్ళు మానాక మళ్ళీ లాడ్జీ దుప్పట్లు. తెరిపి దొరికిన రోజున ఆయన్ని తీసుకుని ధర్మాస్పత్రి వరస. అక్కడ డాక్టర్లు చెడ్డవాళ్ళు కారు, కానీ వరస పెద్దది, గది చిన్నది. చాలాసార్లు ఆయన వంతు వచ్చేలోపు వేళ అయిపోయేది. ఇచ్చిన బిళ్ళలు కొన్నాళ్ళు పనిచేసేవి. వరసలో ముందున్న ముసలామె ఒకతె ఆయన దగ్గు విని తన చోటు ఇచ్చేసి వెనక్కి వెళ్ళి నిలబడిందట. ఆ ముసలామె కోసం పోగులక్క ఇప్పటికీ దేవుణ్ణి వేడుకుంటుంది. చలికాలం వచ్చేసరికి ఆయన టీ కొట్టుకు వెళ్ళడం మానేశాడు. టీ కొట్టాయనే గ్లాసు పట్టుకుని వచ్చేవాడు. వచ్చినా షిఫ్టు మాట ఎత్తేవాడు కాదు.

ఎండలు ముదిరాక ఒక ఆదివారం సూపర్వైజరు అమ్మాయి వచ్చింది.

"పెద్దమ్మా, కొత్త విభాగం తెరుస్తున్నారు. నచ్చలేదని జనం వెనక్కి పంపిన బట్టలు ఉంటాయి కదా, అవి విప్పి చూసి, మడతపెట్టి, మళ్ళీ సంచీలో పెట్టడం. బల్ల దగ్గర కూర్చుని చేసే పని. బెల్టు లేదు, రోలరు లేదు. భద్రతాధికారి సారే నీ పేరు గుర్తు చేశారు."

"మళ్ళీ ట్రయలా?"

"మళ్ళీ ట్రయలే. దాన్ని నేను తీయించలేకపోయాను పెద్దమ్మా."

పోగులక్క మేస్త్రీ వైపు చూసింది. ఆయన మాట్లాడే ఓపిక మిగుల్చుకోవడానికి, వెళ్ళమని చెయ్యి ఊపాడు.

ఈసారి చేతికి చెడుబుద్ధి పుట్టే అవకాశమే లేదు. ఆర్నెల్లూ ఆవిడ తల ఎత్తకుండా మడతలు పెట్టింది. కార్డు వచ్చింది. మెరిసే కార్డు, ఇద్దరి పేర్లూ తప్పు లేకుండా ఉన్నాయి. ఆ రోజు ఆవిడ దాన్ని మా ఇంట్లో అందరికీ చూపించి, చీర కొంగున తుడిచి లోపల పెట్టుకుంది.

పెద్దాస్పత్రి నిజంగానే పెద్దది. వరస లేదు, కుర్చీలున్నాయి, పేరు పెట్టి పిలిచారు. ఒక డాక్టరమ్మ ఆయన వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నది. ఇంకో గొట్టంలోకి ఊదమంది. ఛాతీకి ఫొటోలు తీయించింది. ఆయన్ని నర్సు పక్కగదికి తీసుకెళ్ళాక, ఫొటో వెలుగులో పెట్టి చూస్తూ, "కిందటేడు తీసుకొచ్చి ఉంటే" అని ఆగిపోయింది. ఎదుట కూర్చున్న మనిషి మొహం చూసి ఆగింది. కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"పోయింది తిరిగి తేలేమమ్మా. ఉన్నదాన్ని కాపాడదాం. పీల్చే మందు ఇస్తాను, ఎలా వాడాలో నేనే చూపిస్తాను. కాస్త తేలికపడతారు."

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నిలబడాల్సి వస్తుందని భయపడింది గానీ, బడి పిల్ల ఒకతి లేచి ఆయనకు చోటిచ్చింది. పక్కనున్న మనిషి తనూ లేచి ఆవిడను కూర్చోబెట్టాడు. కిటికీలోంచి గోడౌను రేకులు ఎండకు మెరుస్తూ కనిపించాయి. గోడౌను పక్కన ఇంకో గోడౌనుకు స్తంభాలు లేస్తున్నాయి. మేస్త్రీ వాటినే చూస్తూ అడిగాడు.

"ఏమందే డాక్టరమ్మ?"

"కాస్త తేలికపడతారంది."

"ఎంత?"

"కాస్త."

ఆయన కొంచెంసేపు ఊపిరి కూడదీసుకున్నాడు.

"ముందే వచ్చి ఉంటే అని అందా?"

ఆవిడకు అబద్ధం చెప్పడం రాదు, నిజం చెప్పడానికి నోరు రాలేదు. బస్సు చప్పుడులో వినబడనట్టు ఊరుకుంది. మిల్లు చప్పుడులో ఒకరి పెదాలు ఒకరు చదువుకున్న మనుషులు వాళ్ళు, చప్పుడు అడ్డమని ఆయన్ని నమ్మించడం అయ్యే పని కాదు. ఆయన మళ్ళీ అడగలేదు. ఆవిడ తలను తన భుజం మీదికి వంచుకున్నాడు.

"నీకు రేపు పొద్దున్నే షిఫ్టు. కాసేపు కళ్ళు మూసుకో. మన స్టాపు వస్తే నేను లేపుతాను."

ఆవిడ కళ్ళు మూసుకుంది. నిద్రపోలేదు. ఆ భుజం లోపల ఊపిరి ఎక్కలేక ఎక్కి, దిగలేక దిగుతుంటే, స్టాపు వచ్చేదాకా అదే వింటూ కూర్చుంది.